మైనం కరిగిపోయాక



బొమ్మల గురించి రేడియోలో మాట్లాడమంటే మొదట కొంచెం తటపటాయించాను. బొమ్మ కళ్లతో చూసేది, రేడియో చెవులతో వినేది. కానీ ముప్పై ఏళ్లు కరీంనగర్‌లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసిన నాకు బొమ్మ సంగతి సరిగ్గా తెలిసొచ్చింది ఒక చప్పుడు విన్నప్పుడే. మట్టి అచ్చు పగిలిన చప్పుడు. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో, ఇప్పటి లెక్కన కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో, జైనూరు మండలం ఉషేగాం అని ఒక ఊరుంది. అక్కడ ఓజ కుటుంబాలవాళ్లు ఇత్తడి పోత పోస్తారు. గోండులు కొలిచే దేవతామూర్తులు, పూజలో మోగే గంటలు, కాళ్ల గజ్జెలు వాళ్ల చేతిలోంచే వస్తాయి. బయటి ఊళ్లవాళ్లు కొనడం మొదలయ్యాక ఏనుగులు, నెమళ్లు కూడా చేస్తున్నారు. 2018లో ‘ఆదిలాబాద్ డోక్రా’ పేరు మీద ఈ పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఆ పని ఎట్లా సాగుతుందో చెప్తాను, కొంచెం ఓపికగా వినండి. ముందు పుట్టమన్ను తెచ్చి, ఊక, పేడ కలిపి పిసికి బొమ్మ లోపలి ముద్ద చేస్తారు. అది ఆరాలి. ఆరాక మైనం పని. తేనెపట్టు మైనంలో గుగ్గిలం కలిపి కాచి, సేమ్యాలాగా సన్నటి దారాలు తీస్తారు. ఆ దారాన్ని మట్టిముద్ద చుట్టూ సందు లేకుండా చుట్టుకుంటూ పోతారు. సంక్రాంతికి మన ఇళ్లలో ఆడవాళ్లు బట్ట పరిచి సకినాలు చుడతారు చూడండి, అదే ఒడుపు. వేళ్లు వాటంతట అవే తిరుగుతుంటాయి, నోరు పక్కవాళ్లతో ముచ్చట పెడుతుంటుంది. కన్ను, ముక్కు, మెడలో హారం, నెమలి పింఛం మీది చుక్కలు, అన్నీ మైనమే. ఇక్కడికి బొమ్మ పూర్తయినట్టే కనిపిస్తుంది. నిజానికి అంత ముద్దుగా మళ్లీ ఎప్పుడూ ఉండదు కూడా. నన్నడిగితే మైనపు నెమలే ఇత్తడి నెమలికన్నా అందంగా ఉంటుంది.

అట్లాంటి దాని మీద మట్టి మెత్తుతారు. మొదట జల్లెడ పట్టిన మెత్తటి మట్టి, చుక్కా గీతా దాంట్లో అచ్చుపడేలా. పైన గరుకు మట్టి. లోహం దిగడానికి ఒక దారి వదులుతారు. ఆరబెట్టి నిప్పుల్లో పెడతారు. లోపలి మైనం కరిగి పోతుంది. అది ఖాళీ చేసిన జాగాలోకి కరిగిన ఇత్తడి దిగుతుంది. చల్లారాక సుత్తె తీసుకుని అచ్చును పగలగొడతారు. ఒక అచ్చుకు ఒకటే బొమ్మ. ఇంకో నెమలి కావాలంటే మళ్లీ పుట్టమన్ను దగ్గర్నుంచి రావాల్సిందే. మొహెంజొదారోలో దొరికిన నాట్యకత్తె బొమ్మ గురించి బడిపుస్తకాల్లో చదువుకున్నాం. ఎత్తు పదిన్నర సెంటీమీటర్లు, వయసు దాదాపు 4,500 ఏళ్లు. దాన్నీ ఇట్లాగే మైనం కరిగించే పోశారు.

నేను వెళ్లిన రోజు ఒక పెద్దాయన నెమలి అచ్చు పగలగొట్టాడు. మట్టి పెళ్లలు ఊడిపడ్డాయి. మసిబారిన నెమలి బయటపడింది, ఒంటికాలితో. రెండో కాలు దగ్గరకు ఇత్తడి చేరలేదు. లోపల గాలి నిలిచిపోయిందో, లోహం దారిలోనే గడ్డకట్టిందో. వారం రోజుల పని. నా ప్రాణం ఉసూరుమంది. “అంత కష్టం దండుగైపాయె గదా” అన్నాను. ఆయన నెమలిని అటూ ఇటూ తిప్పి, కాలు ఉండాల్సిన చోట వేలితో తడిమి, పక్కనున్న ఇత్తడి తునకల కుప్పలోకి విసిరేశాడు. “ఏం దండుగ సారూ? ఇత్తడి ఏడికి వోయింది, ఈడనే ఉన్నది. పోయింది మైనమే. దారి సన్నగ వెట్టిన. ఇంకోపాలి లావు వెడ్త” అన్నాడు. ఆ ఒంటికాలి నెమలిని నాకు అమ్మమని అడిగాను. ఇయ్యలేదు. కుంటిదాన్ని అమ్మితే పేరు చెడిపోతుందట.

దారి సన్నగా పెట్టాను అన్నమాట నన్ను చాలారోజులు వదల్లేదు. ఎందుకంటే ఆయన తప్పు ఎక్కడ జరిగిందో వెతికాడు, నేను నా ఉద్యోగమంతా చేసింది సరిగ్గా దానికి ఎదురుపని. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు పిల్లల్ని తయారుచేశాను. చివరి షీటు శుభ్రంగా ఉందా, షేడింగు సమంగా ఉందా, కాగితం నలిగిందా లేదా, ఇవీ నేను చూసినవి. రబ్బరుతో రుద్ది రుద్ది కాగితానికి చిల్లు పెట్టిన పిల్లవాడికి మార్కులు కోసేశాను. ఆ చిల్లు దగ్గర వాడు ఏం వెతుకుతున్నాడో అడగాలని ఒక్కరోజు కూడా తోచలేదు. చిత్తుకాగితాలైతే సరేసరి, బడి గంట కొట్టగానే ఊడ్చి బయట పోసేవాళ్లం.

మా ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోనే పుట్టిన ఇద్దరు పెద్ద చిత్రకారుల బొమ్మల్ని ఆ తర్వాత మళ్లీ కొత్తగా చూశాను. ఇద్దరి దారీ వేరు.

మొదటివారు తోట వైకుంఠం. 1942లో వేములవాడ దగ్గర బూరుగుపల్లిలో పుట్టారు. అప్పుడది కరీంనగర్ జిల్లా, ఇప్పుడు రాజన్న సిరిసిల్ల. వైకుంఠం బొమ్మ అనగానే ఎర్రచీర, నుదుట రూపాయి బిళ్లంత బొట్టు, భుజం మీద చిలుక, నిండైన ఒళ్లు ఉన్న తెలంగాణ స్త్రీ గుర్తొస్తుంది. క్యాలెండర్ల మీద, పెళ్లిపత్రికల మీద, హోటళ్ల గోడల మీద ఆ బొమ్మకు ఎన్ని నకళ్లు వచ్చాయో లెక్కలేదు. నకలు కొట్టేవాళ్లంతా ఆ ఎరుపును తీసుకుంటారు, బొట్టును తీసుకుంటారు. వాళ్లకు దొరకనిది ఒకటుంది. చెప్తాను.

ఆయన హైదరాబాద్ లలితకళల కళాశాలలో చదివి, బరోడా వెళ్లారు. అక్కడ గురువు కె.జి. సుబ్రమణ్యన్. సుబ్రమణ్యన్ ఎట్లాంటివాడంటే, ఒకరోజు గోడచిత్రం, ఒకరోజు టెర్రకోట పలక, ఇంకోరోజు అద్దం వెనక బొమ్మ. బరోడాలో కళల సంత పెడితే అయ్యవార్లూ విద్యార్థులూ కలిసి చెక్కబొమ్మలు, ఆటబొమ్మలు చేసి అమ్మేవాళ్లు. పెద్ద కళ, చేతిపని అని రెండు గదులు కట్టుకున్నవాళ్లకు ఆయన దగ్గర చోటు లేదు. అట్లాంటి చోట మన బూరుగుపల్లి పిల్లవాడు ఏం నేర్చుకున్నాడు? అక్కడి ఫ్యాషన్లు కాపీ కొట్టి రాలేదు. తిరిగొచ్చాక ఏళ్ల తరబడి బొగ్గుతో, పెన్సిల్‌తో గీశారు.

బొగ్గు గురించి ఒకమాట. నేను స్వయంగా పట్టుకుని చూశాకే చెప్తున్నాను. పెన్సిల్ గీత తప్పితే రబ్బరుతో పోతుంది. బొగ్గు గీత పూర్తిగా పోదు. తుడిస్తే పరుచుకుంటుంది, బూడిదరంగు నీడలా అక్కడే ఉంటుంది. రెండోసారి గీసిన గీత ఆ నీడ మీద పడుతుంది. మూడోసారి బొటనవేలితో రుద్దుతాం. అట్లా పదిసార్లు తప్పాక, ఆ తప్పులన్నీ కలిసి ఒక భుజమవుతుంది. గుండ్రంగా, బరువుగా, చేత్తో పట్టుకోవచ్చన్నట్టు. వైకుంఠం స్త్రీల భుజాల బరువు అక్కడిదని నా నమ్మకం. ఆ నల్లటి ఒంటిరంగు కూడా. రంగు గొట్టాల్లో నల్లచర్మం దొరకదు. బొగ్గుతో ఏళ్ల పాటు రుద్దినవాడి చేతికే ఆ నలుపులో ఎన్ని మెట్లున్నాయో తెలుస్తుంది. ఇది ఆయన చెప్పిన మాట కాదు, నా ఊహ. కాదని ఆయన అంటే ఒప్పుకుంటాను.

నలుపు దగ్గర్నుంచి రంగులోకి వచ్చినప్పుడు ఆయన ఎంచుకున్నవి ఎరుపు, కాషాయం, నారింజ. రంగుల్ని కలిపి కొత్తరంగు పుట్టించడం తనకు ఇష్టం లేదని, కలుపుడు రంగులు మనవి కావని ఆయన చెప్పుకున్నారు. వేములవాడ రాజన్న గుడి ముందు పసుపు, కుంకుమ కుప్పలు పోసి అమ్ముతుంటారు కదా, వాటిలో కలుపుడు రంగు ఒక్కటైనా ఉందా? తల్లిని చూసి, ఊరి ఆడవాళ్లను చూసి, నాటకాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్లను చూసి ఆ రూపాలు తన మనసులో పడ్డాయని కూడా ఆయన చెప్పారు. ఆ ఆడవేషం మాట నాకు చాలా ఇష్టం. ఆడవేషం కట్టే మగవాడు ఆడతనాన్ని కొంచెం పెద్దది చేసి చూపిస్తాడు. బొట్టు పెద్దది, ముక్కెర పెద్దది, నడుము విరుపు పెద్దది. వైకుంఠం బొమ్మల్ని ఆ కంటితో ఒకసారి చూడండి.

మధ్యలో సినిమా కూడా చేశారు. బి. నరసింగరావు తీసిన ‘దాసి’ 1988 నాటిది. గడీలో వెట్టి చేసే ఆడపిల్ల కథ. దానికి కళా దర్శకత్వం వైకుంఠానిది, జాతీయ అవార్డు వచ్చింది. గడీలో కూజా ఎక్కడుండాలి, లాంతరు ఏ గోడకు వేలాడాలి, తలుపుచెక్క ఎంత నల్లబడి ఉండాలి, ఇవన్నీ కుంచె పట్టని పనులే. పటం గీసేవాడికి అవి పక్కదారులని నేనూ అనుకునేవాణ్ణి.

ఇంక రెండోవారు పి.టి. రెడ్డి, పాకాల తిరుమల్ రెడ్డి. 1915లో కరీంనగర్ జిల్లా అన్నారంలో పుట్టారు, 1996లో పోయారు. వైకుంఠం పేరు తెలిసిన ప్రతి పదిమందిలో ఈయన పేరు తెలిసినవాళ్లు ఒకరుంటే గొప్ప. అది మన జిల్లా చూసిన చిన్నచూపు. నిజాం రాజ్యంలోని ఒక పల్లె నుంచి బొంబాయి సర్ జె.జె. స్కూలుకు వెళ్లి చదివారు. 1941లో మరో నలుగురు మిత్రులతో కలిసి బొంబాయిలో సమకాలీన చిత్రకారుల బృందంగా ఏర్పడ్డారు. వాళ్లకు ‘యంగ్ టర్క్స్’ అని పేరొచ్చింది. హుస్సేన్, రజా, సూజాల ప్రోగ్రెసివ్ గ్రూపు గురించి పుస్తకాల్లో పేజీలకు పేజీలుంటాయి. అది పుట్టింది 1947లో. అంటే మన అన్నారం మనిషి ఆరేళ్లు ముందే అక్కడున్నాడు.

ఆ తర్వాత ఏం చేశారనుకున్నారు? హైదరాబాద్ వచ్చి ఫర్నిచర్ పని పెట్టారు. కొన్నేళ్లు కుర్చీలు, బల్లలు. మళ్లీ కుంచె పట్టారు. పట్టాక ఒకచోట ఆగలేదు. ఆయిల్, నీటిరంగులు, ఎచింగులు, ఫ్రెంచివాళ్ల పోకడలు, మన కొండపల్లి, లేపాక్షి వైపు చూపు, ఆ తర్వాత తాంత్రిక చిహ్నాలు. ఆయన ఇరవై బొమ్మలు ఒక గోడకు వేలాడదీస్తే ఇరవైమంది గీశారనుకుంటారు. కొనేవాడికి ఇది పెద్ద చిక్కు. వైకుంఠం బొమ్మను గది గుమ్మం దగ్గర్నుంచే గుర్తుపడతారు. పి.టి. రెడ్డి బొమ్మ కింద సంతకం చదవాలి. ఆయనకు రావాల్సినంత పేరు రాకపోవడానికి ఇదొక కారణమని నాకనిపిస్తుంది. తాంత్రిక బొమ్మలు నాకు అంతగా ఎక్కవు, దాచుకోను. కానీ యాభై దాటిన మనిషి, చేతికి అలవాటైన పనిని పక్కన పెట్టి కొత్త పనిముట్టు దగ్గర మళ్లీ శిష్యుడిలా కూర్చోవడం ఉంది చూశారా, దానికి మాత్రం దండం పెడతాను. అన్నట్టు ఆయన భార్య యశోదారెడ్డి గారు. ‘మా ఊరి ముచ్చట్లు’ రాసిన యశోదమ్మ. ఆ ఇంట్లో ఒకరు తెలంగాణ పలుకుతో, ఇంకొకరు రంగుతో ఒకే బల్ల దగ్గర తంటాలు పడి ఉంటారు. ఆ ఇంటి ముచ్చట్లు ఎవరైనా రాసిపెడితే బాగుండేది.

ఎచింగు అన్నాను కదా, అదేమిటో చెప్పకుండా ముందుకుపోతే తప్పు. జింకు పలకో రాగి పలకో తీసుకుని దానిమీద పలచగా మైనం పూత వేస్తారు. చూశారా, మళ్లీ మైనమే. సూదిమొనతో ఆ మైనం మీద గీస్తారు. గీసినచోట లోహం బయటపడుతుంది. పలకను యాసిడ్‌లో ముంచుతారు. మైనం ఉన్నచోట యాసిడ్ ముట్టుకోదు, గీసినచోట కొరుకుతుంది. కొద్దిసేపు ముంచితే సన్నగీత, ఎక్కువసేపు ముంచితే లోతుగీత. గీత ఎంత నల్లగా రావాలో చెయ్యి తేల్చదు, గడియారం తేలుస్తుంది. ఆ తర్వాత మైనం తుడిచేసి, సిరా పట్టించి, తడి కాగితం పెట్టి ప్రెస్సులో తిప్పితే బొమ్మ ఎడమ కుడి తారుమారై వస్తుంది. ఉషేగాంలో మైనం కరిగిపోయి బొమ్మకు చోటిస్తుంది. ఇక్కడ మైనం నిలబడి యాసిడ్‌ను ఆపుతుంది. రెండుచోట్లా చివరికి మైనం ఉండదు. ఇందులో మనవైపు గొప్ప చెయ్యి పొరుగు మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్‌ది. ఆయనా బరోడాలో సుబ్రమణ్యన్ శిష్యుడే. మేకలు, చెట్లు, పల్లె మనుషులు ఆ సన్నగీతల్లో ఎట్లా మెదులుతారో చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. ఎచింగులో అంత పేరొచ్చాక కూడా ఆయన మట్టి, కంచు పట్టుకున్నారు.

రిటైరయ్యాక నేనూ ఒకసారి ఎచింగు చేశాను, తెలిసినవాళ్ల ప్రెస్సు మీద. మానేరు గట్టు మీద కూర్చున్న ముసలమ్మను గీశాను. ఫోనొస్తే మాట్లాడుతూ పలకను యాసిడ్‌లో మరిచిపోయాను. తీసి చూస్తే సన్నగీతలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ముసలమ్మ చీర ఉండాల్సిన చోట నల్లటి గుంట. సిగ్గుపడుతూనే ఒక కాగితం తీశాను. ఆ గుంటలోంచి సిరా దట్టంగా దిగి, చీర మఖ్మల్ గుడ్డలా వచ్చింది. నేను కావాలని వంద పలకలు చేసినా ఆ నలుపు రాదు. తర్వాత నాలుగు పలకలు కావాలనే ఎక్కువసేపు ఉంచాను, గడియారం చూసి, నిమిషాలు రాసుకుని. మూడు పాడయ్యాయి. నాలుగోదానికి కొంచెం దగ్గరకొచ్చింది. ఆ నిమిషాలు రాసుకున్న కాగితం ఇప్పుడు నా పెట్టెలో అన్నిటికన్నా జాగ్రత్తగా ఉంది.

నిర్మల్ బొమ్మ దగ్గర మాత్రం నేను ఓడిపోయాను. అది పొనికి చెక్కతో చేసే బొమ్మ. చెక్క తేలిక, మెత్తన. ముక్కలు విడివిడిగా చెక్కి చింతగింజల జిగురుతో అతికిస్తారు. అదే జిగురులో రంపపు పొట్టు కలిపి సందులు పూడుస్తారు. ఆ పైన సుద్ద పూత, చివరికి రంగు. పొనికి దొరకడం ఇప్పుడు కష్టమైపోయింది. నేను ఇంటి దగ్గరున్న వేపచెక్కతో మామిడికాయ చేయబోయాను. చెక్క గట్టి, ఉలి జారింది. పైగా తొందరకొద్దీ పూతను ఎండలో పెట్టాను. సాయంత్రానికి మామిడికాయ మీద ఎండిన చెరువులా పగుళ్లు. నీడన ఆరాలని ఏ నిర్మల్ కార్మికుణ్ణి అడిగినా ఒక్కమాటలో చెప్పేవాడు. అడగలేదు. చింతగింజలు ఎంతసేపు నానాలో, ఎంతసేపు ఉడకాలో వాళ్ల వేళ్లకు తెలుసు. ఏ కాగితం మీదా అంత వివరంగా చూడలేదు నేను. ఆ పగిలిన మామిడికాయ కూడా అటక మీద ఉంది, మా మనవడు దాన్ని డైనోసార్ గుడ్డు అంటాడు.

ఈ ప్రసంగం వింటున్న డ్రాయింగ్ మాస్టార్లకు, బడికి పిల్లల్ని పంపే తల్లిదండ్రులకు ఒక విన్నపం చేసి ముగిస్తాను. మీ పిల్లలు గీసినవాటిలో ఫ్రేము కట్టించినది ఒకటుంటే, దానికి ముందు చింపేసినవి పది ఉంటాయి. వాటిని చిత్తుకాగితాల వాడికి వెయ్యకండి. వెనకవైపు తేదీ వేసి, ఏ బొగ్గుతో గీశారో, ఏ రంగు ఎక్కువైందో పిల్లవాడి చేతనే ఒక వాక్యం రాయించి దాచండి. పెద్ద అట్టపెట్టె ఒకటి చాలు. ఉషేగాం, నిర్మల్ వైపు వెళ్లినప్పుడు షాపులో బేరమాడి వచ్చేయకుండా, పని జరిగేచోట ఒక పూట కూర్చోండి. అచ్చు పగలగొట్టే వేళకు అక్కడ ఉండేట్టు చూసుకోండి.